అర శ్రుతి కిందికి

కియావరి, 1959 జనవరి 11

అమ్మా నీవెస్,

ముప్ఫై రెండేళ్ల కిందట ఒక మనిషి నా చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చాడు. మీ అమ్మ క్లేలియా పాడబోయే దీపం పాటని వాద్యబృందం అర శ్రుతి కిందికి దించి వాయిస్తుందని, ఆ సంగతి మా ఇద్దరి మధ్యే ఉంటుందని. ఆ సాయంత్రం వాద్యాలు పాట ఎత్తుకున్నాయి. అసలు శ్రుతిలోనే ఎత్తుకున్నాయి. నేను వేదిక ముందు నేలలో, పాడేవాళ్లకి మాట అందించే ప్రాంప్టరు గూట్లో కూర్చుని ఉన్నాను, చేతిలో పుస్తకం పట్టుకుని, మీ అమ్మ పాదాలకి రెండు మూరల దూరంలో. చివరి పై స్వరం దగ్గర ఆమె గొంతు చీలింది. తర్వాత పై గ్యాలరీలో మగవాళ్లు జేబుల్లోంచి ఇంటి తాళంచెవులు తీసి, ఆ బోలు కాడల్లోకి ఈలలు ఊదారు. అవమానించాలంటే ఆ మోంతెరివో ఊళ్లో నోటితో ఈల వెయ్యరు. నోరు నొప్పి పుడుతుందని కాబోలు.

మీ అమ్మ మళ్లీ పాడలేదు. మీ నాన్నని పెళ్లి చేసుకుని మందుల కొట్లో సీసాలకి చీటీలు అంటించింది.

ఇదంతా నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు. నిన్న నీ కార్డు వచ్చింది. పాడాల్సిన ఆవిడ జబ్బుపడిందట, నిన్ను పిలిచారట, అదే ఊళ్లో, అదే ఆపెరాలో, అదే ఇమెల్దా వేషం. "మామయ్యా, ఎగిరి గంతెయ్యి" అని రాశావు. నాకు డెబ్భై నాలుగేళ్లు. గంతు సంగతి అటుంచి, కార్డు చదివాక కుర్చీలోంచి లేవడానికి కాళ్లు సహకరించలేదు.

నీకు స్వరాలు నేర్పింది నేను. వంటింటి బల్ల మీద పెన్సిలుతో తాళం కొట్టి నేర్పాను. ఆ హక్కుతో చెబుతున్నాను. వాద్యబృందాన్ని నడిపించే మాయెస్త్రోని అడిగి పాటని అర శ్రుతి దింపించుకో. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పేరున్నవాళ్లంతా చేస్తారు, ఎవరూ ఒప్పుకోరు. అప్పట్లో ప్రతి వాద్యానికీ నా చేత్తో దించి రాసిన విడి కాగితాలు ఆ థియేటరు పుస్తకాల గదిలో ఇప్పటికీ ఉన్నాయి. ఆ గది చూసే ముసలి పల్మీరో నా నేస్తం. అసలు పుటల మీద వాటిని గుండుసూదులతో గుచ్చితే చాలు.

ఇంకొక మాట. ఆ మాట తప్పినవాడు, నాటి మాయెస్త్రో అదెల్మో తవెర్నా, ఇంకా బతికే ఉన్నాడు. అదే ఊళ్లో, నది వీధిలో. ఎనభై ఆరేళ్లు. మంచివాళ్లకే ఆయుష్షు చాలదు. ఆ గుమ్మం తొక్కవద్దు.

మీ అమ్మని తలుచుకుంటే ఒకటే కళ్లకు కడుతుంది. నేను మీ ఇంటికి భోజనానికి వచ్చినప్పుడల్లా ఎదురు కుర్చీ మీ నాన్నకి వదిలేసి, తను వచ్చి నా పక్కన, భుజానికి భుజం తగిలేలా కూర్చునేది. అంత ప్రేమ నేను మరెవరి దగ్గరా ఎరగను.

గొంతుకి ఉన్ని గుడ్డ చుట్టుకో. పొగమంచులో మాట్లాడకు.

నీ మేనమామ,
ఓరెస్తే

* * *

మోంతెరివో, జనవరి 15

మామయ్యా,

నీ ఉత్తరం మెట్ల మీదే నిలబడి చదివాను. తర్వాత గదిలోకి వెళ్లి పై స్వరం పాడి చూశాను. రాలేదు. రెండోసారి వచ్చింది.

అమ్మ పాడేదని తెలుసు, మానేసిందని తెలుసు. ఎందుకు మానేసిందో ఎప్పుడడిగినా "మీ నాన్నకి నా చేతి సూప్ నచ్చింది" అనేది. ఇస్త్రీ చేస్తున్నప్పుడు పెదాలు కదిలేవి, చప్పుడు ఉండేది కాదు. ప్రార్థన అనుకునేదాన్ని.

నా గది మంగలి జెలిండో దుకాణం మీద. కింద అద్దం పైన ఒక పెద్ద తాళంచెవి వేలాడుతుంది. మొదటి రోజే అదేమిటని అడిగాను. "మా నాన్నది సిజ్నొరీనా. గ్యాలరీలో మూడో వరస ఆయనది. ఇరవై ఏడో సంవత్సరంలో ఒకావిణ్ణి దీనితోనే పంపించాడు" అని గొప్పగా చెప్పాడు. నా ముఖం చూసి కాబోలు, "భయపడకండి, తుప్పు పట్టింది" అన్నాడు. మళ్లీ తనే, "అయినా నెలకోసారి ఊది చూస్తుంటాను" అన్నాడు. ఆ ఒకావిడ ఎవరో నిన్నటిదాకా నాకు తెలీదు. ఇప్పుడు దుకాణం ముందు నుంచి పోలేక వెనక మెట్ల మీద నుంచి వెళుతున్నాను.

కానీ దించమని అడగను.

ఇన్ని పాటలుండగా ప్రతి సొప్రానో గాయనీ ఈ పాట కోసమే ఎందుకు చచ్చిపోతుందని నువ్వే ఒకప్పుడు వెక్కిరించావు. ఇప్పుడు చెబుతాను. నేను ట్రాములో కాస్త జరగమని అడగడానికి మొహమాటపడే మనిషిని. ఈ పాటలో ఎనిమిది నిమిషాలు వేదిక మీద నేను తప్ప ఎవరూ ఉండరు. ఇమెల్దా దీపం వెలిగిస్తుంది, ఉప్పుమడుల అవతల నుంచి తన వాడి పడవ వస్తుందని నెమ్మదిగా తనకి తనే చెప్పుకుంటుంది. నేను ఊపిరి తీసుకుంటే అరవై మంది వాద్యగాళ్లు ఆగుతారు. తర్వాత పడవ మునిగిందని కబురొస్తుంది. ఆమె నమ్మదు. అక్కణ్ణించి పాట పరుగెత్తుతుంది. నమ్మని మనిషి ఎంత పైకి వెళ్లగలదో అంత పైకి. ఆ మెట్లన్నీ నా ఒంట్లో గుర్తున్నాయి మామయ్యా. ఏ మెట్టు మీద పక్కటెముకలు తెరవాలో, ఎక్కడ నాలుక పరచాలో అన్నీ. అర శ్రుతి దించితే నీకు తేలిక అనిపిస్తుంది. నాకు మాత్రం చీకట్లో మెట్లు దిగుతూ లేని మెట్టు మీద కాలు వేసినట్టు ఉంటుంది.

ఆ చివరి స్వరం అసలు పుస్తకంలో లేనే లేదని నాకూ తెలుసు. మొదట పాడిన మహాతల్లి ఎవరో కలిపింది. ఇప్పుడది లేకపోతే పాటే పాడలేదంటారు. పదిసార్లలో ఎనిమిదిసార్లు వస్తోంది. నిజం చెప్పు, నాకు ఆ స్వరం ఉందని నువ్వు అనుకోవడం లేదా?

భయపడుతున్న నీ
నీవెస్

* * *

కియావరి, జనవరి 19

తల్లీ,

పదిలో ఎనిమిది. వంతెన కట్టిన మేస్త్రీ ఆ లెక్క చెబితే నువ్వు దాని మీద నడుస్తావా?

నీ ప్రశ్నకి జవాబు చెప్పను. మీ అమ్మకీ ఆ స్వరం ఉండేది. ఉండటం వేరు, ఆ సాయంత్రం ఉండటం వేరు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ గూట్లో కూర్చున్నాను. ప్రతి మాటా ఒక క్షణం ముందు అందిస్తూ, ఎంతమందిని చూశానో. కింద నుంచి చూస్తే గాయకులు దేవతల్లా ఉండరు. దవడ కింద నరం కొట్టుకోవడం కనిపిస్తుంది. పై స్వరానికి ముందు కళ్లలో ఒక తెరలాంటిది దిగుతుంది. కసాయి దుకాణం దాకా వచ్చిన దూడ కళ్లలో చూశాను అది. పాత రోముకి సంబంధించి చాలా చదివాను. సింహాల ముందుకి మనుషుల్ని వదిలిన చోట కూడా జనం అంత శ్రద్ధగా చూసి ఉంటారని అనుకోను. నువ్వు ఎనిమిది నిమిషాల రాజ్యం అంటున్నావు. వాళ్లు తీగ మీద నడిచే మనిషి పడతాడా లేదా చూడటానికి వస్తారు. ఆ జెలిండో నాన్న నాకు తెలుసు. కోడిగుడ్లు దొంగలెక్క పెట్టి అమ్మేవాడు, సంగీతంలో మాత్రం న్యాయమూర్తి. మరునాడు పత్రికలో "పాపం క్లేలియా జాంబ్రెల్లి" అని మొదలుపెట్టి రాసిన పెద్దమనిషి ఆ సాయంత్రం మూడో అంకం అంతా తాగుడు గదిలోనే ఉన్నాడు. వాళ్లందరినీ పూడ్చిపెట్టారు. వెళ్లి చూసుకోవాలనిపించింది కానీ రైలు పడదు నాకు.

ఇక అసలు సంగతి. పల్మీరో రాశాడు. పోయిన వారం నువ్వు మూడుసార్లు తవెర్నా ఇంటి మెట్లెక్కావట. ఒకసారి చేతిలో కాగితం చుట్టిన పొట్లం కూడా ఉందట. నేను వద్దని రాసిన ఉత్తరం నీ జేబులో ఉండగానే. ఇప్పుడు అర్థమైంది, దించను గిరించను అన్న ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో. మీ అమ్మకి కూడా ఆయన ఇలాగే తియ్యగా చెప్పి ఉంటాడు. "నీకేం పిల్లా, నీ గొంతు ఎక్కడా ఆగదు" అని. ఆయన గొంతు కాదుగా.

నువ్వు ఎవరి మాట వింటావో నువ్వే తేల్చుకో. నాకు నాలుగు రోజులుగా తిండి సయించడం లేదు. పెరట్లో తలుపు కీచుమంటే ఈల అనుకుని ఉలిక్కిపడుతున్నాను.

ఓరెస్తే

* * *

మోంతెరివో, జనవరి 23

మామయ్యా,

నది వీధిలో ఆ మెట్ల మీద రెండో అంతస్తులో బట్టలు కుట్టే సిజ్నోరా ఎర్సీలియా ఉంటుంది. ఇమెల్దా గౌను నా ముందు పాడాల్సిన ఆవిడ కొలతలకి కుట్టారు. ఆవిడ భుజాలు నాకంటే రెండంగుళాలు వెడల్పు. మూడుసార్లు కొలతలకి వెళ్లాను. పొట్లంలో ఉన్నది గౌను. తవెర్నా ఉండేది అదే ఇంట్లో, మొదటి అంతస్తులో అని నాకు నీ ఉత్తరం వచ్చేదాకా తెలీదు. నీ గూఢచారికి నా నమస్కారాలు చెప్పు.

చాలా కోపం వచ్చింది. ఆ కోపంలోనే వెళ్లి మొదటి అంతస్తు తలుపు కొట్టాను. వద్దన్నది నువ్వే, పంపించింది కూడా నువ్వే.

చిన్న మనిషి. మోకాళ్ల మీద దుప్పటి, చేతివేళ్లు తాళం వేసుకుంటూనే ఉన్నాయి. పేరు చెప్పగానే లేచి నిలబడబోయాడు. సోంపు బిస్కెట్లు తీసి ముందు పెట్టాడు. నేను కూర్చోకుండానే అడిగాను: మా అమ్మ పాట అర శ్రుతి దించుతానని మా మామయ్యకి మాట ఇచ్చి తప్పారా అని.

"తప్పానమ్మా" అన్నాడు.

ఎందుకని అడిగాను. బిస్కెట్ల పళ్లెం నా వైపు జరిపాడు. "ఇవి నిన్నటివి. పాలలో ముంచుకుంటే మెత్తబడతాయి" అన్నాడు. అంతే. గుమ్మం దాకా వచ్చి, "ఓరెస్తే ఆరోగ్యం బాగుందా" అని అడిగాడు. నేను అప్పటికే మెట్లు దిగుతున్నాను.

నువ్వు చెప్పినట్టే మాట తప్పాడు, ఒప్పుకున్నాడు. అయినా మెట్లు దిగుతుంటే గెలిచినట్టు లేదు.

నీకు కావాల్సిన లెక్క ఇది. ఇప్పుడు పదిలో ఆరు. నీ ఉత్తరం వచ్చిన రోజు నాలుగు. రిహార్సల్లో నిన్న ఆ చోటు వచ్చేసరికి నోరు తెరిచాను, మింగేశాను. మాయెస్త్రో గొంతు దాచుకుంటున్నాననుకుని మెచ్చుకున్నాడు. పాట మొదట్లో హార్ప్ ఒక్కటే వాయించే నాలుగు వరసలు ఉంటాయి కదా, అవి వినగానే నా మొదటి మాటేదో మరిచిపోతున్నాను. ఇదివరకు అవే వింటే ఒళ్లు తేలికయ్యేది.

ఏడో తారీఖు దాకా నాకు ఉత్తరం రాయకు. బతిమాలుతున్నాను.

నీవెస్

* * *

కియావరి, జనవరి 27

అమ్మా నీవెస్,

రాయకు అన్నావు. ఇది చిన్నది, భయపడకుండా చదువు.

ఎర్సీలియా సంగతిలో తప్పు నాది. పల్మీరోకి దగ్గర చూపు ఆనదు, దూరం చూపు మరీ ఎక్కువ.

నీ ఇష్టం వచ్చిన శ్రుతిలోనే పాడు. ఇంక దించమని అనను. నిన్ను కాపాడటానికి నేను చెయ్యగలిగింది చేశాను, ఏర్పాటు అయిపోయింది. అదేమిటో నీకు తెలియనక్కర్లేదు. నువ్వు నిశ్చింతగా వేదిక మీదికి వెళ్లు. పడనివ్వను.

ఇక్కడ సముద్రం రెండు రోజులుగా రోడ్డు మీదికి వస్తోంది. ఇంటావిడ గుమ్మంలో ఇసుక బస్తాలు వేసింది. "మీరు మంచం మీదే ఉండండి, తేలినా అదే ముందు తేలుతుంది" అంటుంది. నవ్వలేకపోయాను.

ఆశీస్సులతో,
మామయ్య

* * *

మోంతెరివో, ఫిబ్రవరి 3

మామయ్యా,

నీ చిన్న ఉత్తరం చదివి ఏడ్చాను, సంతోషంతోనే. ఇన్ని రోజుల్లో మొదటిసారి తొమ్మిదిసార్లు వచ్చింది.

ఆ సంతోషంలో ఒక పని చేశాను. గౌను తెచ్చుకోవడానికి వెళ్లి, వస్తూ మొదటి అంతస్తు తలుపు కొట్టాను. పోయినసారి మర్యాద లేకుండా వచ్చేశానని మనసులో ఉంది. ఈసారి కూర్చున్నాను. బిస్కెట్లు పాలలో ముంచాను. మా మామయ్య ఇంక దించమని అడగడం మానేశారు, ఏదో ఏర్పాటు చేశానని, నాకు తెలియనక్కర్లేదని రాశారు అని చెప్పాను. మంచి కబురు చెబుతున్నాననుకున్నాను.

ఆ ముసలాయన తాళం వేసే వేళ్లు ఆగిపోయాయి. "మళ్లీనా" అన్నాడు.

తర్వాత పియానో మూత లోపల నుంచి నా చేతే ఒక కవరు తీయించాడు. "ఇది చూపించనని మాట ఇచ్చాను. ఆవిడ చనిపోయి పదిహేనేళ్లయింది. నువ్వు ఆవిడ కూతురివి. ఇప్పుడు చూపించకపోతే నిన్ను కూడా పోగొట్టుకుంటాం" అన్నాడు.

అమ్మ చేతిరాత. అక్షరం మారకుండా రాస్తున్నాను:

"మాయెస్త్రో, మా అన్నయ్య నాకు తెలియకుండా మిమ్మల్ని ఏం అడిగాడో నాకు చెప్పి మంచి పని చేశారు. దించవద్దు. ఆ స్వరం నాకు ఉంది. లేదని అనుకునే మనిషి ఈ లోకంలో ఒక్కరే, ఆ ఒక్కరే గూట్లో నా ఎదురుగా కూర్చుంటారు. ఏం చేస్తాం. ఒకటి కోరుతున్నాను. నాకు తెలిసిపోయిందని అన్నయ్యకి ఎప్పటికీ చెప్పకండి. తట్టుకోలేడు. ఏం జరిగినా మాట తప్పింది మీరేనని అనుకోనివ్వండి. మీ వీపు వెడల్పైనది, ఈ నింద మోస్తుంది. – క్లేలియా."

దించమని అడిగింది అమ్మ కాదన్నమాట. నువ్వు. మొదటి ఉత్తరంలో నువ్వు అబద్ధం రాయలేదు, వెతికి చూశాను. "మా ఇద్దరి మధ్యే" అని రాశావు. అమ్మకీ తెలుసని, తనే అడిగించిందని అనుకున్నది నేను.

ఆ సాయంత్రం ఏం జరిగిందని అడిగాను. తవెర్నా చెప్పింది ఇది: "కొండెక్కినట్టు ఎక్కింది. ఒక్క తడబాటు లేదు. చివరి మెట్టు ముందు గూటి వైపు చూసింది. ప్రాంప్టరు ముఖం మీద దీపం కింది నుంచి పడుతుంది కదమ్మా, హాల్లో ఎవరికీ కనిపించదు, పాడేవాళ్లకి ఒక్కరికే కనిపిస్తుంది. నేను ఆ ముఖం చూడలేదు. ఆవిడ ముఖం చూశాను."

మామయ్యా, అమ్మ నీ పక్కన కూర్చునేది. ఎప్పుడూ పక్కనే. ఎదురుగా ఒక్కసారి కూర్చోలేదు. నేను చిన్నదాన్ని, నీకు ఎదురుగా నన్ను కూర్చోబెడితే కుర్చీ మార్పించేది. గుర్తుందా?

నేను నిన్ను నిందించడం లేదు. నాకు భయంగా ఉంది. శనివారం ఇంక నాలుగు రోజులు. ఏం ఏర్పాటు చేశావు?

నీవెస్

* * *

తంతి. కియావరి నుంచి మోంతెరివోకు, థియేటరు పుస్తకాల గది, పల్మీరోకు. ఫిబ్రవరి 6

నేను చెప్పిన కాగితాలు పెట్టవద్దు పెట్టి ఉంటే తీసెయ్యి ఒక్కటి కూడా మిగలకూడదు పిల్లకి తెలియనివ్వకు ఓరెస్తే

* * *

మోంతెరివో, ఫిబ్రవరి 8, ఆదివారం

మామయ్యా,

పల్మీరో అంతా చెప్పాడు. అడగకుండానే చెప్పాడు, నడవాలో కూలబడి, ఒళ్లో నీ కాగితాల కట్ట పెట్టుకుని. మూడో అంకం ముందు విరామంలో ప్రతి స్టాండు మీదా గుచ్చేయమని రాశావట. మాయెస్త్రో కళ్లు మూసుకుని నడిపిస్తాడు, ఆపడు, పిల్లకి తేలికగా అనిపించి పాడేస్తుంది, ఎందుకో కూడా తెలీదు అన్నావట.

ఎవరి మీద ఏ నేరం మోపి ముప్ఫై రెండేళ్లు బతికావో ఒక్కసారి తిరగేసి చూడు. మాకు చెప్పకుండా శ్రుతి మార్చాడనే కదా నీ ఏడుపు.

జరిగింది రాస్తాను, ఎందుకంటే గ్యాలరీ వాళ్లు నీకు రాసేలోపు నేనే రాయాలి.

పల్మీరో పిరికివాడు. విరామంలో ఎవరైనా చూస్తారని శుక్రవారం పొద్దున్నే అన్నీ గుచ్చేశాడు. నీ తంతి సాయంత్రం వచ్చింది. పరుగెత్తి అన్నీ పీకాడు. ఒక్క పుస్తకం దొరకలేదు. మా హార్ప్ అమ్మాయికి జ్వరం వస్తే బొలోన్యా నుంచి మరొకావిడని పిలిచారు. ఆవిడ శుక్రవారం మధ్యాహ్నం వచ్చి, సాధన చేసుకోవాలని పుస్తకం తన బసకి పట్టుకుపోయింది. మాతో ఒక్క రిహార్సలూ లేదు. గుచ్చిన కాగితమే వాయించాలి కాబోలనుకుంది. ఆవిడ తప్పేముంది.

శనివారం. దీపం వెలిగించాను. హార్ప్ మొదలైంది. అర శ్రుతి కింద.

నీకు భయం గురించి చాలా తెలుసు, పుస్తకాలు కూడా చదివావు. కానీ ఇది నీకు తెలీదు. నేల అర మెట్టు కిందికి దిగింది. హార్ప్ శ్రుతి పట్టుకుని పాడితే నాలుగు వరసల తర్వాత వాద్యాలన్నీ పైన మొదలవుతాయి. నా శ్రుతిలో మొదలుపెడితే హార్ప్ తప్పు. మాయెస్త్రో చెయ్యి గాల్లో ఆగిపోయింది. అమ్మ చూసినట్టే గూటి వైపు చూశాను. ఒట్టు, చూడకూడదనుకుంటూనే చూశాను.

గూట్లో ఇప్పటి ప్రాంప్టరు సిజ్నోరా దీనా ఉంది. లావుపాటి మనిషి, బుగ్గలో బిళ్ల పెట్టుకుని చప్పరిస్తోంది. హార్ప్ వైపు తల తిప్పి, ముక్కు చిట్లించి, పెదాలతో నాకు అంది: "దాని మొహం. నువ్వు కానివ్వు."

కానిచ్చాను. హార్ప్ ఇంకా మోగుతుండగానే నా శ్రుతిలో ఎత్తుకున్నాను. ఒక వరస దారుణంగా ఉంది. పై గ్యాలరీ నుంచి తాళంచెవి ఈల వచ్చింది. ఆ వెంటనే ఎవరో అరిచారు, "హార్పుని ఇంటికి పంపండి, పిల్లని ఉంచండి" అని. జనం నవ్వారు. వాద్యాలు నా శ్రుతిలో వచ్చి చేరాయి. ఈ పొద్దున జెలిండో చెప్పాడు, ఊదింది తనేనట, హార్పు మీదేనట. "ముప్ఫై రెండేళ్లకి న్యాయంగా ఊదాను" అన్నాడు. నేను అమ్మ పేరు చెప్పాను. సబ్బు నురగ ఉన్న చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత స్టూలెక్కి తాళంచెవి దించి సొరుగులో వేశాడు.

పై స్వరం వచ్చింది. సన్నగా, కొంచెం కరుకుగా. అందంగా లేదు. వచ్చింది.

తవెర్నా థియేటరు బాక్సులో కూర్చుని ఉన్నాడట, దుప్పటితో సహా మోసుకొచ్చారట. ఆయన్ని ఇంక నిందించకు. అమ్మ చీటీ దీంతో పంపుతున్నాను, ఆయనే నీకు ఇమ్మన్నాడు. అది చదివి, ఇప్పుడు ఎవరిని నిందిస్తున్నావో నాకు ఒక్క పేరు రాసి పంపు. ఆ పేరు వచ్చేదాకా నేను కియావరి రాను.

నీవెస్

* * *

కియావరి, ఫిబ్రవరి 12

అమ్మా నీవెస్,

చీటీ అందింది. మీ అమ్మ చేతిరాతలో చివరి అక్షరం ఎప్పుడూ పైకి లేస్తుంది. మరిచిపోయాను.

నీకు రావలసినవి ముందు రాస్తాను. పల్మీరోకి రాసిన ఉత్తరం నాదే. నిన్ను పడనివ్వనని రాసి, గొయ్యి తవ్వింది నేనే. ఒకవేళ అన్ని కాగితాలూ స్టాండ్ల మీద ఉండిపోయి ఉంటే అన్న ఆలోచన దగ్గర రోజుకి పదిసార్లు ఆగిపోతున్నాను. నాకు వచ్చే చలి ఈ సముద్రం వల్ల కాదు. క్షమించమని అడగడానికి ఇంకా నోరు రావడం లేదు, వచ్చినప్పుడు నీ ఎదుటే అడుగుతాను.

ఇరవై ఏడో సంవత్సరం సంగతి. అసలు శ్రుతిలో మొదటి వరస వినగానే నాకేం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. నా చేతిలో పుస్తకం జారింది. ఆమె పడిపోతుందని నాకు తెలిసిపోయింది, లేదా తెలిసిపోయిందని అనుకున్నాను. ఎనిమిది నిమిషాలు ఆ పడటం కోసమే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు నా ముఖం ఎలా ఉందో నాకెలా తెలుస్తుంది? గూట్లో అద్దం ఉండదు. కసాయి దుకాణం ముందు దూడ కళ్లు అని రాశాను కదా నీకు, గాయకుల కళ్లలో చూశానని. ఇప్పుడు అనుమానంగా ఉంది, వాళ్ల కళ్లలో నేను చూసింది ఎవరిని అని.

మీ అమ్మ గూటి వైపు చూసిందని నాకు తెలుసు. మాట కోసం చూసిందనుకుని, ఆ మాట అందించాను. ఇన్నేళ్లూ నాకున్న ఒకే ఓదార్పు అది, మాట మాత్రం నేను తప్పకుండా అందించానని.

ఆ కుర్చీ సంగతి నువ్వు రాయకుండా ఉండాల్సింది. రాశావు, మంచిదే.

నువ్వు ఒక్క పేరు అడిగావు. నా పేరు రాస్తానని ఎదురు చూస్తున్నావు. అది కావాలంటే ఈ ఉత్తరమంతా నా పేరే, చదువుకో. కానీ నిందించడం వేరు. మనిషి తనను తాను నిందించుకోలేడు, పక్కనే ఉండి ఎప్పుడూ సర్దిచెబుతుంటాడు. నిందించడానికి ఇంకొకడు కావాలి.

ఆయన దగ్గర ఈ చీటీ ముప్ఫై రెండేళ్లు ఉంది. వీధిలో ఎదురుపడినప్పుడు నేను ఆయన ముందు ఉమ్మేవాణ్ణి. ఆయన టోపీ తీసేవాడు. కాఫీ కొట్లో అందరి ముందూ మాట తప్పినవాడా అని పిలిచాను. లేచి వెళ్లిపోయాడు. మీ అమ్మ అంత్యక్రియల్లో ఆయన పూలదండని తీసి గోడ అవతల పారేశాను. మళ్లీ తెచ్చి పెట్టలేదు, ఏమీ అనలేదు. ఏ రోజైనా జేబులోంచి ఈ కాగితం తీసి ఉంటే, ఆమె బతికి ఉండగా తీసి ఉంటే, నేను వెళ్లి ఆమె ఎదురు కుర్చీలో కూర్చుని అడిగేవాణ్ణి, నా ముఖంలో ఏం చూశావమ్మా అని. పదిహేడేళ్లు ఉన్నాయి అడగడానికి. ఒక్కసారి అడగనివ్వలేదు నన్ను. నాకిచ్చిన మాట తప్పాడని ద్వేషించాను. ఆమెకిచ్చిన మాట అంత కచ్చితంగా నిలబెట్టుకున్నందుకు ఇప్పుడు ఏం చెయ్యను?

నువ్వు రా. ఈ పేరు నీకు నచ్చకపోయినా రా. నీ కుర్చీ నా పక్కకి జరిపించి పెట్టాను. ఎదురుగా వేసుకుంటావో లేదో నీ ఇష్టం.

ఇంకా నేను నిందించేది ఆయన్నే. అదెల్మో తవెర్నా.